పదో స్థాయి కమిషనరు

జొన్నలపాలెం పురపాలక సంఘంలో మనిషి పుట్టినట్టు కాగితం కావాలంటే ముందుగా పది దోమలు కావాలని వీరవేణికి సోమవారం పొద్దున్న పదిన్నరకి తెలిసింది.

ఆ సంగతి తెలియడానికి ముందు ఆమెకు గేటు దగ్గర అటెండరు గవర్రాజు తగిలాడు. నెల్లాళ్ళ కిందటిదాకా గవర్రాజు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళని "ఎవరు కావాలి?" అని అడిగేవాడు. ఇప్పుడు అట్టతో చేసిన కిరీటం పెట్టుకుని, వెండి కాగితం చుట్టిన కర్ర ఒకటి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"స్వాగతం సాహసీ! నీ ప్రయాణం ఇప్పుడే మొదలైంది," అన్నాడు.

"బాబాయ్ గారూ, మా పాప పుట్టిన కాయితం కావాలండి."

"స్వాగతం సాహసీ! నీ ప్రయాణం ఇప్పుడే మొదలైంది."

"శనివారం సాయంత్రం అయిదులోపు బళ్ళో ఇవ్వాలండి. లేపోతే సీటు పోద్దండి."

"స్వాగతం సాహసీ..." గవర్రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరేం అడిగినా ఇదే చెప్పాలని ఆర్డరమ్మా. ఇంకో ముక్క మాటాడితే మెమో ఇత్తారంట. అదిగో, గోడ మీద అంతా రాసుంది. సదూకో."

గోడ మీద నిజంగానే అంతా రాసి ఉంది.

"ఇందుమూలముగా సమస్త పురజనులకు తెలియజేయడమేమనగా, పౌరకేంద్రిత సాహసాత్మక పరిపాలనా పథకము అమలులోకి వచ్చినందున, ఇకమీదట ఈ కార్యాలయమునకు విచ్చేయువారెవ్వరూ అర్జీదారులుగా పరిగణింపబడరు. సాహసులుగా పరిగణింపబడుదురు. ప్రతి సాహసియు ఒకటవ స్థాయి మొదలు పదవ స్థాయి వరకు నిర్దేశిత కార్యములను స్వయముగా పూర్తిచేసిన పిమ్మట మాత్రమే కోరిన సేవను పొందుటకు అర్హత కలిగియుండును."

ఇదంతా కమిషనరు విశ్వనాథం గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి రావడంతో వచ్చింది. అక్కడ గళ్ళ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు తెర మీద బొమ్మలు చూపించి, జనం ఫోన్లలో కత్తులు పట్టుకుని అడవులు తిరగడానికి గంటలకి గంటలు ఖర్చుపెడుతున్నారనీ, అదే ఆనందాన్ని ప్రభుత్వ కార్యాలయంలో కల్పిస్తే క్యూలో నిలబడటం కూడా పండగలా ఉంటుందనీ చెప్పాడు. విశ్వనాథం గారు తన జన్మలో ఏ ఆటా ఆడలేదు. మోకాళ్ళకి మట్టి అంటుతుందని చిన్నప్పుడు గోళీలు కూడా ముట్టలేదు. అందుకని ఆయన ఆ కుర్రాడు చెప్పిన ప్రతి ముక్కనీ పుస్తకంలో రాసుకుని, తిరిగి వచ్చాక దాన్నే ఉత్తర్వుగా జారీ చేశారు.

ఆ ఉత్తర్వు చదివిన వాళ్ళు కొందరు నుదురు కొట్టుకున్నారు, కొందరు ఇంటికి పోయారు. వీరవేణి మాత్రం రెండోసారి చదివి, అమ్మ చేతి పులుసు వాసన ఊరుకాని ఊళ్ళో తగిలినట్టు అక్కడే ఆగిపోయింది.

ఆమెకి ఇవన్నీ తెలుసు.

తెల్లారి లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, అయిదేళ్ళ మోక్షితకి అన్నం తినిపించి పడుకోబెట్టాక, మధ్యాహ్నం ఒంటిగంటకి వీరవేణి ఫోను తీస్తుంది. అప్పటినుంచి మూడింటిదాకా ఆమె వజ్రద్వీపంలో ఉంటుంది. ఆ ఆటలో ఆమెది ఎర్ర కోకా, కొడవలీ ఉన్న వీరవనిత. మిగతావాళ్ళు ఆ ఆటని కొండ మీది మహాసర్పాన్ని చంపడానికి ఆడతారు. వీరవేణి మూడేళ్ళుగా ఆడుతున్నా సర్పం జోలికి పోలేదు. దారిలో కోడిపెట్ట తప్పిపోయిందని ఏడ్చే ముసలమ్మ ఉంటే ఆ కోడి దొరికేదాకా కదలదు. ఊళ్ళో ప్రతి మనిషితోనూ వాళ్ళ మాటలు మళ్ళీ మొదటికి వచ్చేదాకా మాట్లాడుతుంది. ప్రతి కుండనీ పగలగొట్టి చూస్తుంది. తలుపు తీసే ముందు, ఓడినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలెట్టేలా ఆటని ఒకసారి భద్రపరుస్తుంది, తీశాక మళ్ళీ భద్రపరుస్తుంది. గాయాలకి పోసే మందు సీసాలు తొంభై తొమ్మిది పోగుచేసింది. ప్రాణం పోయేలా ఉన్నా ఒక్కటి వాడదు, ముందు ముందు ఏమొస్తుందో ఏమో అని.

"పిల్ల తల్లివి, ఆ కత్తులేంటే, ఆ బూతాలేంటే?" అంటుంది అత్త సూరమ్మ. "ఆ ఆటలో చూపించే శ్రద్ధ ఈ ఇంట్లో చూపిత్తే ఈపాటికి మేడ కట్టేవోళ్ళం."

"ఆ మేడకి మందు సీసాలు కావాలత్తయ్యా," అంటుంది వీరవేణి.

ఆ శ్రద్ధంతా సోమవారం నాటికి పనికొచ్చింది. ఆమె ఆ రోజే ఒకటో స్థాయి, అంటే గేటు దగ్గర చీటీ సంపాదించడం, దాటింది. గవర్రాజుని ఎనిమిదిసార్లు పలకరించి, తొమ్మిదోసారి, "మీ కాలి నొప్పి ఎలా ఉంది బాబాయ్ గారూ?" అని అడిగింది. అతను కళ్ళు తుడుచుకుని చీటీ చింపి ఇచ్చాడు. "ఈ ఉజ్జోగంలో చేరి పద్దెనిమిదేళ్ళయ్యింది తల్లీ. ఈ మాట అడిగింది నువ్వే."

రెండో స్థాయికి పది దోమలు. స్వయంగా చంపాలి. పారిశుద్ధ్య విభాగం వాళ్ళు లెక్కపెట్టుకుంటారు.

పథకం మొదలైనప్పుడు ఊళ్ళో దోమలకి కొదవ లేదు. అయితే ఆస్తి పన్ను వాళ్ళు, కుళాయి వాళ్ళు, పెళ్ళి నమోదు వాళ్ళు అందరూ ఎగబడేసరికి మూడు వారాల్లో దోమలు తగ్గిపోయాయి. దోమ కనిపిస్తే జనం దాని వెంట వీధి చివరిదాకా పరిగెత్తేవారు. దాంతో బుద్ధిమంతులు పెరట్లో తొట్టెలు పెట్టి, నీళ్ళు నిలవబెట్టి పెంచడం మొదలుపెట్టారు. ఆఫీసు ఎదురుగా జిరాక్సు కొట్టు పక్కన ఒకతను సీసాలో ప్రాణంతో ఉన్న దోమల్ని అమ్ముతున్నాడు. నీళ్ళ తొట్టెల మీద మందు చల్లడానికి వచ్చిన పారిశుద్ధ్య సిబ్బందిని మహిళా సంఘాలవాళ్ళు చీపుళ్ళతో తరిమారు. "సాహసుల జీవనోపాధికి విఘాతం కలిగించరాదు" అని కమిషనరు గారు సిబ్బందికి తాఖీదు ఇచ్చారు.

వీరవేణి వెనక వీధి తొట్టెల దగ్గర మాటువేసి పది చంపింది. అలవాటు కొద్దీ ఇంకో నలభై ప్రాణంతో పట్టి, మూతకి చిల్లులు పొడిచిన ఊరగాయ సీసాలో దాచింది.

"పిల్లకి డెంగీ వత్తే?" అంది సూరమ్మ.

ఆ మాట విని వీరవేణి ఆ రాత్రికి సీసాని దోమతెరలో పెట్టి, పిల్లని పక్కలో వేసుకుని తను బయట పడుకుంది. తెల్లారి లేచాక తను చేసిన పనేంటో అర్థమై, పిల్ల ఒళ్ళంతా తడిమి చూసింది. మునిసిపాలిటీ తన బుర్రలోకి కూడా వచ్చేస్తోందని ఆమెకి మొదటిసారి భయమేసింది.

మూడో స్థాయి రికార్డు గది అన్వేషణ. దానికోసం ఆఫీసులో గదుల మీది పేర్ల బోర్డులన్నీ పీకేశారు. అయిదో స్థాయిలో బీరువా తాళంచెవి ఏదో ఒక కుండలో ఉంటుంది. కుండలు పగలగొడితే నిధులు దొరుకుతాయని శిక్షణలో చెప్పారు కాబట్టి, మునిసిపాలిటీ రోజూ పొద్దున్నే బండెడు కుండలు తెప్పించి వసారాలో పేరుస్తోంది. సాయంత్రానికి పెంకులు ఊడవడానికి ఇద్దరిని వేశారు. వీరవేణి కుండల్ని తట్టి చప్పుడు విని, రెండోదాన్ని మాత్రమే పగలగొట్టి తాళంచెవి తీసింది. మిగతా సాహసులు నోరు తెరిచారు.

నిజం చెప్పాలంటే ఆమెకి బాగుంది. ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఇంతకుముందూ ఇక్కడ జరిగేది ఇదే కదా అనుకుంది. ఒకే మాట పదిసార్లు చెప్పేవాళ్ళు, కనిపించని గదులు, దొరకని తాళంచెవులు. అప్పుడు వాటికి నియమాలు లేవు, ఇప్పుడున్నాయి. అంతే తేడా.

కానీ క్యూలో నిలబడ్డప్పుడల్లా ఆమెకి తన బడి గుర్తొచ్చేది. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పనికోసం ఊరు మారారు. పాత బడి నుంచి రావలసిన బదిలీ కాగితం పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి కొత్త బడిలో పేర్లు ఎక్కించడం అయిపోయింది. వచ్చే ఏడు చేర్పిద్దాంలే అన్నారు. ఆ వచ్చే ఏడు రాలేదు. ఎవరూ ఆమెని బడి మాన్పించలేదు. కాగితమొకటి నడిచొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది, అంతే.

శుక్రవారం సాయంత్రానికి ఆమె తొమ్మిదో స్థాయి దాటింది. పథకం మొదలయ్యాక అంతదూరం వచ్చినవాళ్ళు ఊళ్ళో లేరు. పదో స్థాయి కార్యం చీటీ మీద ఇలా ఉంది: "ఒక పౌరుని సంతోషపెట్టి, సదరు సంతోషమును ద్వారపాలకునిచే ధ్రువీకరింపజేయవలెను."

క్యూలో ముందు నిలబడ్డ ఒక పచ్చి బాలింత క్యారేజీ చేతిలో పెట్టుకుని, చంకలో పిల్లాణ్ణి దించలేక పొద్దున్నుంచీ ఆకలితో ఉంది. వీరవేణి ఆ పిల్లాణ్ణి అందుకుని ముప్పావుగంట ఎత్తుకుంది. ఆ అమ్మాయి గోంగూర అన్నం నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గవర్రాజు రిజిస్టరులో "సంతోషించినది" అని రాసి, కర్ర ఎత్తి, "పదో స్థాయి సాహసి!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

శనివారం పదింటికి వీరవేణి, మోక్షిత చెయ్యి పట్టుకుని, రికార్డుల గుమాస్తా సుభద్ర గారి బల్ల ముందు నిలబడింది. సంచిలో దరఖాస్తు ఆరు నకళ్ళు, జిగురు, గుండుసూదులు, బిస్కట్లు, ఊరగాయ సీసా ఉన్నాయి.

సుభద్ర గారు దరఖాస్తు చూసి, రిజిస్టరు తీసి, పిల్ల పేరు కూడా చూపించింది. తర్వాత పెన్ను కింద పెట్టేసింది.

"నేనివ్వలేనమ్మా."

"ఏమండీ? పది స్థాయిలూ అయ్యాయండి!"

"అదేనమ్మా వచ్చిన చిక్కు. పద్నాలుగో నిబంధన: సేవ ఇచ్చువారి స్థాయి పుచ్చుకొనువారి స్థాయికి తక్కువగా ఉండరాదు. నువ్వు పది. నేను ఒకటి."

"మీ పైవాళ్ళో?"

"మాలో పైవాళ్ళెవరూ లేరు. పథకం మొదలెట్టిన రోజున కమిషనరు గారు, సమానత్వమని, తన దగ్గర్నుంచి స్వీపరు దాకా అందర్నీ ఒకటో స్థాయిలో పెట్టారు. ఫోటో కూడా తీయించారు. ఇంతవరకూ పదికి ఎవరూ రాలేదు గనక మాకూ తెలీలేదు."

వీరవేణి తిన్నగా కమిషనరు గదిలోకి వెళ్ళింది. విశ్వనాథం గారు ఆమె చెప్పింది విని, కళ్ళద్దాలు మార్చి, తన ఉత్తర్వుని మొదటిసారి చదివారు.

"సదరు అంశము పరిశీలనార్హమైనది," అన్నారు.

"ఆ నిబంధన తీసెయ్యండి సార్."

"ఏ ఉత్తర్వుపైనైనను సంతకం చేయు అధికారం..." ఆయన కాగితం తిరగేశారు. "పదవ స్థాయి అధికారికి మాత్రమే కలదు. పదిహేనో నిబంధన." ఆయన కుర్చీలో కొంచెం కిందికి జారారు. "అంటే ఈ నెల రోజుల నుంచీ నేను పెట్టిన సంతకాలన్నీ..."

"అవన్నీ తర్వాత సార్. ఇప్పుడు పదింపావు. అయిదింటికి బడి కట్టేస్తారు. లెగండి."

"ఎక్కడికి?"

"దోమల దగ్గరికి."

వజ్రద్వీపంలో వీరవేణి దళంలో ఒక పూజారి ఉండేవాడు. గాలి వీస్తే పడిపోయేవాడు. అతన్ని ఆమె ఎప్పుడూ వెనకాల నిలబెట్టి, తనే భూతాన్ని సగం చంపి, చివరి దెబ్బ మాత్రం అతనిచేత కొట్టించేది. చివరి దెబ్బ ఎవరిదైతే స్థాయి వారికే పెరుగుతుంది. అలా ఆరు నెలల్లో ఆ పూజారిని కొండంత చేసింది. కమిషనరుకి ఏడు గంటలు కూడా లేవు.

స్టోరు గది తలుపులు మూసి ఊరగాయ సీసా మూత తీసేముందు ఆమె చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. దాచుకున్నది వాడటం ఆమెకి అలవాటు లేదు. తర్వాత తీసింది. ఆమె కొంగుతో విసిరి దోమల్ని గోడకి నెడుతుంటే కమిషనరు గారు చివరి దెబ్బ కొట్టారు. నలభైలో ముప్పై దోమలు ఆయన్ని కుట్టాయి. పది చచ్చాయి. మోక్షిత గట్టిగా లెక్కపెట్టింది.

"ఈ గది కిటికీకి జాలీ ఎందుకు లేదు?" అన్నారు ఆయన, మెడ గోక్కుంటూ.

"మీకు అర్జీ పెట్టామండి, రెండేళ్ళయింది," అంది తలుపు బయటి నుంచి సుభద్ర గారు.

రికార్డు గది వెతకడానికి ఆయనకి గంటంపావు పట్టింది. అది ఆయన గది పక్కదే. కుండల దగ్గర మాత్రం ఆయన వీరవేణి మాట వినలేదు. తాళంచెవి మూడోదాంట్లోనే దొరికినా, పన్నెండో కుండ దాకా పగలగొడుతూనే ఉన్నారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆయన ముఖంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు.

"ఇంకొకటి..." అన్నారు రొప్పుతూ.

"సార్, టైము!" అంది వీరవేణి.

ఏడో స్థాయి కౌంటరు దగ్గర "భోజన విరామం" అని బోర్డు ఉంది. కమిషనరు గారు అద్దం మీద కొట్టారు. "నేను కమిషనర్ని!"

లోపల గుమాస్తా పెరుగన్నం కలుపుకుంటూ, "స్థాయెంత?" అన్నాడు.

"ఆరు."

"కూర్చోండి. పిలుస్తాం."

కూర్చోడానికి బల్ల లేదు. విశ్వనాథం గారు నేల మీద, మోక్షిత పక్కన కూర్చున్నారు. మోక్షిత ఆయనకి ఒక బిస్కట్టు ఇచ్చింది. ఆయన తిన్నారు. ఇరవై నిమిషాలు అన్నారు గాని యాభై అయ్యింది.

నాలుగూ ఇరవైకి ఆయన తొమ్మిదో స్థాయి దాటి పదో కార్యం చీటీ తీసుకున్నారు. చదవగానే ఆయన ముఖం వెలవెలబోయింది.

"పౌరుని... సంతోషపెట్టడమా? ఇది ఏ విభాగం కిందికి వస్తుంది?"

ముందుగా ఆయన క్యూలో వాళ్ళకి టీ తెప్పించారు. తాగారు గాని ఎవరూ సంతోషించలేదు. నగరాభివృద్ధి మీద ప్రసంగించబోయారు. ఇద్దరు ఇంటికి వెళ్ళిపోయారు. ఒక పెద్దాయనకి శాలువా కప్పితే, "ఇది కాదయ్యా, మా కాలవ తీయించు," అన్నాడు. నాలుగూ ముప్పై రెండు. విశ్వనాథం గారు చివరికి వీరవేణి వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వే సంతోషించు. ప్రజాప్రయోజనం దృష్ట్యా అడుగుతున్నాను."

"మా పాప కాయితం చేతిలో పడితే సంతోషిస్తానండి."

"కాగితం మీద సంతకం పెట్టాలంటే నేను పదో స్థాయికి రావాలి."

"అవునండి."

"నేను పదో స్థాయికి రావాలంటే నువ్వు సంతోషించాలి."

"అవునండి."

ఇద్దరూ గోడ మీది గడియారం వైపు చూశారు. వీరవేణి నవ్వడానికి ప్రయత్నించింది. పళ్ళు కనిపించాయి. గవర్రాజు దగ్గరగా వచ్చి ముఖంలోకి చూసి, "ఇది నవ్వు కాదమ్మా, నాకు తెలుసు," అని తల అడ్డంగా ఊపాడు. ఆమె కళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. పన్నెండు రోజులు కాదు, ఈసారి ఇరవై ఎనిమిది నిమిషాలు. చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది బడి. మోక్షిత అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ చెయ్యి చూసి విశ్వనాథం గారిలో ఏదో తెగింది.

"ఒరే గవర్రాజూ! ఆ రిజిస్టరులో సంతోషించినదని రాసి ఏడువ్!"

గవర్రాజు బిగదీసుకుని నిలబడ్డాడు. ఉద్యోగం పోతే పిల్లలున్నారు. కర్ర నిలబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"స్వాగతం సాహసీ! నీ ప్రయాణం ఇప్పుడే మొదలైంది."

"నేన్రా! నేను!"

"స్వాగతం సాహసీ! నీ ప్రయాణం ఇప్పుడే మొదలైంది."

కమిషనరు గారు వసారా మధ్యకి వచ్చేశారు. చొక్కా బయటికి వచ్చేసింది, మెడంతా దద్దుర్లు, జుట్టులో కుండపెంకులు. రెండు చేతులూ పైకెత్తి, ఆఫీసు గోడలన్నీ వినేలా అరిచారు.

"ఏం ఆఫీసయ్యా ఇది! ఒక్క కాయితం ముక్కకి మనిషిని పొద్దున్నుంచీ ఇన్ని గదులు తిప్పుతారా? ఒకడు తర్వాత రమ్మంటాడు, ఒకడు కూర్చోమంటాడు, ఒకడు చెప్పిందే చెప్తాడు! ఇక్కడ మన గోడు వినే నాథుడే లేడా?"

క్యూ చివర్నుంచి శాలువా పెద్దాయన చాలా మర్యాదగా జవాబిచ్చాడు.

"లేకేం బాబూ, ఉన్నారు. లోపల కమిషనరు గారని ఒకాయన ఉంటారంట. ఓసారి కలిసి చూడండి."

వీరవేణికి ముందు పొట్టలో మొదలైంది. ఆపుకుందామనుకుంది. అది ఎక్కిళ్ళలా పైకొచ్చి, గొంతు దాటి, వసారా అంతా ఎగిరిపోయింది. ఆమె స్తంభం పట్టుకుని, వంగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమెను చూసి మోక్షిత, ఇద్దర్నీ చూసి సుభద్ర గారు, తర్వాత క్యూ క్యూ అంతా. ఆఖరికి విశ్వనాథం గారు చేతులు దించి, తన చొక్కా వైపు చూసుకుని, ఆయన కూడా.

గవర్రాజు ఆమె ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, రిజిస్టరు తెరిచి, నాలుగూ ముప్పై తొమ్మిదికి రాసుకున్నాడు: "సంతోషించినది."

సంతకం పడింది, ముద్ర పడింది. వీరవేణి తడి ఆరని ముద్ర మీద ఊదుకుంటూ, పిల్లని చంకనేసుకుని ఆటో ఎక్కింది. బళ్ళో పెద్ద పంతులమ్మ అప్పటికే తాళం చేతిలో పట్టుకుని ఉంది. కాగితం చూసి, గడియారం చూసి, తాళం బల్ల మీద పెట్టింది. "మోక్షిత," అని రిజిస్టరులో ఎక్కించింది. కింద ఇంకో రెండు గీతలు మాత్రమే ఖాళీగా ఉన్నాయి.

సోమవారం విశ్వనాథం గారు పదో స్థాయి అధికారి హోదాలో పథకాన్ని రద్దు చేస్తూ తొలి ఉత్తర్వు జారీ చేశారు. నియమం ప్రకారం ముగింపు నివేదిక పైకి పంపాలి గనక పంపారు. పగిలిన కుండలు, చచ్చిన దోమలు, పెరిగిన దోమలు, అన్నిటికీ గడులున్నాయి. "పథకము వలన సంతోషించిన పౌరుల సంఖ్య" అన్న గడిలో ఆయన చాలాసేపు ఆలోచించి, బాలింతని కూడా కలుపుకుని, "2" అని రాశారు.

పక్క జిల్లా మునిసిపాలిటీ వాళ్ళు ఆ అంకె చూసి నమ్మలేకపోయారు. అదెలా సాధ్యమైందో అధ్యయనం చేసి రమ్మని ముగ్గురు అధికారుల్ని వారం రోజులకి పంపించారు.